తలుపవతల చెప్పిన మాట

19 జనవరి 2004, ఇరాల

తొమ్మిదేళ్లయింది. సుబ్రమణ్యాన్ని నేను క్షమించలేదు. నా భార్య వరదమ్మకు కడుపులో క్యాన్సర్ అని డాక్టరు ఆమె తమ్ముడైన అతన్ని తలుపవతలికి పిలిచి చెప్పాడు. అతను నాతో అల్సర్ అన్నాడు. నమ్మాను. ఆ సీజనంతా బెల్లం పెనం దగ్గరే ఉన్నాను. తెలిసుంటే ఆమె మంచం పక్కన కూర్చునేవాడిని. దినాల రోజు అడిగితే, నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు బావా అన్నాడు. నేనేమైనా పసిబిడ్డనా? ఆ రోజు నుంచి అతని గడప తొక్కలేదు.

ఇప్పుడు నా వంతు. గొంతు కింద అన్నం దిగే దారిలో గడ్డ. డాక్టరు చొక్కా పట్టుకుని అడిగాను కాబట్టి నాకూ చెప్పారు.

22 జనవరి

తిరుపతిలో కరెంటు పెట్టారు. దాని పేరు రేడియేషన్. నా కూతురు భానుశ్రీ టీచరు, బడికి సెలవు పెట్టి వచ్చింది. నొప్పి అన్నానని డాక్టరు ఇంకో గదికి పంపాడు. నాది మూడో క్లాసు చదువు, బోర్డు ఇంగ్లీషు. భాను చదివింది. పాలియేటివ్ అట. అది సావుకు దగ్గరైనోళ్లు పొయ్యే గది అని పక్కనున్నావిడ అంది.

మా ఊరి చిన్నబ్బను చిత్తూరు దగ్గర హాస్పిస్ అనే చోట చేర్చారు. పన్నెండో రోజు శవం వచ్చింది. ఇదీ అదే. లేచి బస్టాండుకు నడిచాను. నాయనా, నిలబడు నాయనా అని భాను రోడ్డంతా అరిచింది. నిలబడలేదు.

23 జనవరి

మజ్జిగ కూడా దిగలేదు.

29 జనవరి

ఆ గదికి పోదాం, నొప్పికి మంచి మాత్ర ఇస్తారు అని భాను రోజూ అడుగుతోంది. వల్లకాడికి దారి నాకు తెలుసు, నువ్వు చూపించొద్దు అన్నాను. దొడ్లోకి పోయి ఏడ్చింది.

2 ఫిబ్రవరి

కరెంటు గది ముందు బెంచీ మీద సుల్తాన్ అని ఒక టైలరు. దవడ క్యాన్సర్. ఆ పొద్దు పరుగెత్తిన పెద్దమనిషివి నువ్వే కదప్పా అన్నాడు. నేను రెండేండ్లుగా ఆ గదిలోకి పోతా ఉండాను, సచ్చినోడి మాదిరి ఉండానా సూడు అన్నాడు. సచ్చినోడు ఇంత వాగడు అన్నాను. నవ్వితే అతనికి నొప్పి. దవడ చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. నన్ను ఆ పాలియేటివ్ గదిలోకి లాక్కెళ్లాడు.

లోపల మహిత అని చిన్న డాక్టరమ్మ. భాను వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది. అది నాకు నచ్చింది. చిన్నబ్బను పంపిన చోటూ ఇదీ ఒకటేనా అని అడిగాను. కాదు తాతా అంది. కరెంటు, మందులు నడుస్తుండగానే నొప్పి, వాంతి, నిద్ర చూసుకోవడం ఆమె పని. జబ్బు తెలిసిన మొదటి రోజు నుంచే రావచ్చట. నయమైపోతే మానేయవచ్చట. హాస్పిస్ వేరు. జబ్బును తగ్గించే వైద్యం ఇక పనిచేయదని తేలాక దాన్ని ఆపేసి, మిగిలిన రోజులు బాధ లేకుండా చూస్తారు. నొప్పికి అక్కడా ఇవే మాత్రలు. అక్కడ ఎవరినీ సంపరు తాతా, ఆయన్ని ఆలస్యంగా చేర్చి ఉంటారు అంది.

బస్సులో ఆలోచించాను. పెనం కింద మంట ఉన్నప్పుడూ గరిటె తిప్పుతాం, మంట లాగేశాకా తిప్పుతాం. చూసేవాడికి రెండూ ఒకటే. వండేవాడికి కాదు.

చిన్నబ్బ పెళ్లాం తాయమ్మను నడివీధిలో మొగుణ్ణి పారేసినావే అని తిట్టాను. తప్పు నాదే. ఇక్కడ రాస్తాను గానీ ఆమెతో చెప్పను.

5 ఫిబ్రవరి

మార్ఫిన్ మాత్ర. సంగటి జావలా కలిపితే దిగింది. తెల్లారేదాకా నిద్ర. విరేచనం బిగిసింది. దానికీ మందు ఇచ్చింది మహిత.

24 ఫిబ్రవరి

స్కాన్ తీశారు. పెద్ద డాక్టరు భానును తలుపవతలికి పిలిచాడు. నేను బెంచీ మీద ఉన్నాను. దాని వీపు మాత్రం కనిపించింది. తిరిగొచ్చి, బాగుండాది నాయనా, కొన్నాళ్లు రెస్టు తీసుకోమన్నారు అంది. బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కన నన్ను కూర్చోబెడుతుంది. ఈసారి తనే కూర్చుంది. కాణిపాకం దాటేదాకా బయటికే చూసింది.

27 ఫిబ్రవరి

కార్డులో కరెంటుకు తేదీ వేయలేదు. మాత్ర మాత్రం పెంచారు. ఇక నర్సు ఇంటికే వస్తుందట.

1 మార్చి

అడగబోయాను. కాఫీ తెస్తానని లేచి వెళ్లింది. నాకు కాఫీ దిగదని దానికి తెలుసు.

చావంటే భయం లేదని రాస్తే అబద్ధం. ఉంది. ఏమీ తెలియకుండా కూర్చోవడం అంతకంటే పెద్ద భయం. ఆఖరి వారంలో వరదమ్మ నాకేమయింది అని అడిగింది. అల్సరే, తగ్గిపోతుంది అన్నాను. ఆమె తల ఊపి గోడ వైపు తిరిగింది. ఆమెకు తెలుసేమో.

2 మార్చి, పొద్దున

భానూ, ఈ పేజీ నీకు. నీ బడి సంచిలో పెడుతున్నాను.

నా జబ్బుకు వైద్యం నడుస్తోందా, ఆపేశారా? నడుస్తుంటే కింద మడిలో చెరకు నాటిస్తాను. అది కోతకు రావడానికి ఏడాది పడుతుంది. ఆపేసి ఉంటే నాటించను. రెండిట్లో ఏదైనా సరే, మాత్రలు మింగుతాను, పేచీ పెట్టను. శుక్రవారం దాకా ఆలోచించుకో, ఆ రోజు బడి నుంచి రాగానే చెప్పు. నోరు రాకపోతే ఈ కింద రాయి. చోటు వదిలాను.