ప్రార్థన వేళ పలికిన రేడియో

తమ్ముడు సిమియోనాకు అక్క దీవెనలు.

సంజె ప్రార్థన వేళ మన ఊరి రేడియోలో మాట వినపడకూడదన్న కట్టుబాటును మొన్న నేనే మీరాను. ఇంకెవరో చెప్పేలోగా నేనే రాస్తున్నాను.

రేడియో గదిలో ప్రార్థన వేళైందని శంఖం ఊది మైకు కట్టేశాక సెఫీనా వానలో తడుస్తూ వచ్చింది. "అక్కా, మా ఆయన పడవ ఇంకా రాలేదు. ఈ చీకట్లో పగడపు దిబ్బల మధ్య సందు ఎలా కనపడుతుంది?" అంది. దేవుణ్ణి ఒక్క మాట అడిగి మైకు తెరిచాను. "ప్రార్థన ఆపండి. లాంతర్లతో ఒడ్డుకు వచ్చి, సందుకు ఎదురుగా నిలబడండి" అన్నాను. ప్రార్థన అయ్యాక వచ్చే కీర్తన కోసం రేడియో ఎవరూ కట్టెయ్యరు కదా, ఊరంతా విన్నారు. ఊరంతా వచ్చారు. ఆ వెలుగు పట్టుకుని పడవలోని ముగ్గురూ క్షేమంగా చేరారు.

మర్నాడు పెద్దల సభలో ముసలి తుయియాసౌ, "మంచి పనే చేశావమ్మా. కానీ కట్టుబాటు కట్టుబాటే. జరిమానా ఒక పంది" అన్నాడు. సరేనన్నాను.

ఈ ఉదయం రేడియో గది ముందు పదకొండు పందులు కట్టేసి ఉన్నాయి. ఒకటి తుయియాసౌదే; దాని పక్కనే ఆయన నిలబడి ఉన్నాడు.

"ఇదేమిటి బాబాయ్?" అన్నాను.

"ప్రార్థన ఆపి, లాంతరు పట్టుకుని నేనూ వచ్చానుగా! ఇది నా జరిమానా" అన్నాడు.

ఆదివారం భోజనానికి రా.

మీ అక్క