పోతమ్మ ఎడమ కంటి కోసం పగటి షిఫ్టు

కార్మిక అధికారి గారికి,
బొగ్గు యార్డు, విశాఖపట్నం.
తేదీ: 12-8-1998

అయ్యా,

విషయం: నా భార్య పోతమ్మ కనురెప్పలు మూతపడనందున నన్ను ఆరు నెలలు పగటి షిఫ్టులోనే ఉంచుట గురించి.

తమ యార్డులో కళాసీగా పనిచేయుచున్న, మల్కాపురం నివాసి గరికిన వరహాలు చేసుకొను మనవి:

1. నా భార్య బజారులో చేపలు అమ్మును. రెండేళ్ళ క్రితం ఆమె చిక్కిపోయి, చేతులు వణకసాగి, కళ్ళు పెద్దవై, రెప్పలు పైకి లాగుకొనిపోయినవి. "బేరమాడితే అలా గుడ్లురుముతావేటే?" అని కొనేవారు తిరిగిపోయిరి. నేను కేకలేసినప్పుడూ అలాగే చూసేది. ఎదిరిస్తోందనుకొని ఒకసారి చెయ్యి చేసుకొన్నాను. "నాను కోపంగా సూడ్డం నేదు మావా. రెప్పలు దిగడం నేదు" అని ఏడ్చింది. ఏడ్చినప్పుడూ కళ్ళు మూతపడలేదు.

2. ఎవరో చెప్పగా ఆమె కుడికంట్లో ఆకుపసరు పిండితిని. పిండినది నేనే. అప్పటికే ఎండిపోయి ఉన్న కుడికన్ను పుండై, పువ్వు వేసి, చూపు పోయినది. ఇందుకు ఎవరినీ నిందించుట లేదు.

3. పిమ్మట సీతమ్మధారలో డాక్టరు అనూరాధ గారు పోతమ్మ మెడ తడిమి, తన వేలిని పైనుంచి కిందికి దించుతూ చూడమన్నారు. చూపు దిగింది, రెప్ప దిగలేదు. రక్తపరీక్ష చేయించి, "ఇది మెడలోని థైరాయిడ్ గ్రంథి వల్ల వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ మెడ చూడలేదా?" అన్నారు. మాత్రలిచ్చి, పొగ ఈ కంటిజబ్బును పెంచునని చుట్ట మానమన్నారు. చిన్ననాటి నుంచీ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే మనిషి ఆ రోజే మానినది. జబ్బు ఆరు నెలలు నిలకడగా ఉంటే రెప్ప దించే ఆపరేషను చేస్తారట. అంతవరకు ఎడమకన్ను ఎండకుండా చుక్కలు వేసి, పడుకొనే ముందు ఆయింట్‌మెంటు రాసి, రెప్ప మూసి టేపు అంటించవలెను. ఆమె చేతుల వణుకు తగ్గలేదు గనుక ఆ పని నాదే.

మొదటిరోజు అంటించినప్పుడు వేలితో టేపు తడిమి చూసుకొంది. తర్వాత, "కళ్ళు మూసుకుంటే ఇలాగుంటాదని మర్సిపోనాను మావా" అంది.

4. రాత్రి పది వరకు సాగు మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఆమె పడుకొను వేళకు నేను యార్డులో ఉందును. ఇంట్లో వేరెవరూ లేరు.

కావున తమరు చిత్తగించి, పగటి షిఫ్టు దయచేయవలెను.

తమ విధేయుడు,
గరికిన వరహాలు

తా.క.: ఇది రాసి, ఇవ్వడానికి భయపడి మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నిన్న డ్యూటీ దిగి వెళ్ళేసరికి తనే టేపు అంటించుకొని పడుకొంది. వంకరగా అంటింది. రెప్ప సగం తెరిచే ఉంది. ఈ పొద్దున కన్ను ఎర్రబడింది. "మంట నేదు మావా, నువ్ డూటీకెళ్ళు" అంటంది. అబద్ధమాడతంది బాబూ. ఈ కాయితం మా బావ నూకరాజు తెస్తన్నాడు. నాను దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్తన్నాను. తమరు సెలవిచ్చినా ఇవ్వకపోయినా ఇయ్యాల రానండి.