బస్సు ఆలస్యం నాది, గైర్హాజరు హేమశ్రీది

ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారి సముఖమునకు, భీమునిపట్నం నుంచి విశాఖపట్నం వచ్చు బస్సు కండక్టరు దేవకుమార్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బీఎస్సీ చివరి సెమిస్టరు విద్యార్థిని కుమారి హేమశ్రీకి హాజరు చాలలేదని హాల్‌టికెట్ నిలిపివేయుట – అందులో తప్పు నాదే అగుట – రేపు సాయంత్రం పరీక్షల జాబితా మూసివేయు లోపల సరిచేయుట గురించి.

1. ఉదయం 7.40కి భీమిలిలో బయలుదేరి తగరపువలస మీదుగా నగరానికి వచ్చే బస్సులో నేను ఆరేళ్లుగా పనిచేయుచున్నాను. సదరు బస్సు తమ కళాశాల స్టాపుకు 9 గంటలకు చేరవలెను. తమ హాజరు యంత్రం 9.10 వరకే ముఖాలు గుర్తుపట్టును. ఆ తర్వాత వచ్చినవారికి రోజంతా గైర్హాజరే. మా బస్సు ఎక్కువ రోజులు 9.20కి చేరును. పది నిమిషాల్లో ఎవరి ముఖమూ మారిపోదు గానీ, యంత్రానికి ఆ సంగతి తెలియదు.

2. ఆలస్యానికి కారణం ట్రాఫిక్ అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. కారణం చేపల గంపలు. భీమిలిలో గంగాలమ్మ అనే ఆమె వేట పడిన రోజల్లా నాలుగు గంపలతో ఎక్కి తగరపువలస మార్కెట్ దగ్గర దిగును. గంపలన్నీ ఎక్కే వరకు బస్సు కదలకపోవడం మా రూటులో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నా ముందున్న కండక్టరూ ఆపేవాడు, నేనూ ఆపుతున్నాను. డ్రైవరు రమణమూర్తి "బావా, మల్లీ గంపలేనా? టైమైపోతంది" అని రోజూ గొణుగుతాడు. రోజూ తనే దిగి ఒక గంప అందుకుంటాడు.

3. హేమశ్రీ ఆ గంగాలమ్మ కూతురే. తెల్లవారగానే ఒడ్డు నుంచి రోడ్డు దాకా రెండు గంపలు మోసి, మొహం కడుక్కొని, పుస్తకాల సంచీతో అందరికంటే ముందు బస్సెక్కేది. ఎక్కి ఫుట్‌బోర్డు మీద నిలబడి "అన్నా, ఒక్క నిమిసం, అమ్మ వత్తంది" అనేది. అంటే తనకు గైర్హాజరు పడుతుందని తెలిసీ బస్సును రోజూ తనే ఆపింది, అయ్యా. తల్లికి ఒక్క మాట చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

4. (ఈ అంశం తమ యంత్రం గురించి కోపంలో రాసినది. కొట్టివేయడమైనది.)

5. పన్నెండు రోజులుగా ఆ పిల్ల బస్సెక్కడం లేదు. తల్లిని అడిగితే "సదువైపోనాది బాబూ, తగరపువలసలో టిఫిను హోటల్ల టోకెన్లు రాత్తంది" అని సంతోషంగా చెప్పింది. పరీక్షలు రాయకుండా చదువు ఎలా అయిపోతుంది? నాకు కాలు నిలవలేదు. వారం సెలవు రోజున తమ ఆఫీసుకు వచ్చాను. హాజరు ముప్పై అయిదు శాతమేనట, వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చోమని ఆ పిల్లకు చెప్పేశారట. బస్సు ఆలస్యమండీ అంటే గుమాస్తా గారు "బస్సు లేటైతే మేమేటి సేత్తాం? డిపోకి అర్జీ ఎట్టుకో" అన్నారు. డిపోలో పెడితే అది విచారణ నిమిత్తం నా చేతికే వచ్చును. అందుచేత తమకు పెట్టుకొనుచున్నాను.

ఇది బస్సులోనే రాస్తున్నాను. మధురవాడ వచ్చింది. జనం ఎక్కుతున్నారు. ఆగి రాస్తాను.

6. నిన్న గంగాలమ్మకు అసలు సంగతి చెప్పాను. ఎత్తిన గంపను మళ్లీ కింద దించింది. "ఏటి బాబూ నువ్వు సెప్పేది? నా గంపల వల్లా? ఆ గుంట నాకేటీ సెప్పలేదే!" అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

7. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనా సున్నా టిక్కెట్ కొట్టి ఇవ్వడం మా విధి. హేమశ్రీ ఆ టిక్కెట్లను పారేయకుండా కెమిస్ట్రీ రికార్డులో పేజీకొకటి పెట్టుకుంది. తల్లి ఈ ఉదయం వాటిని తెచ్చి ఇచ్చింది. మొత్తం అరవై మూడు. అన్నింటి మీదా తేదీ, ఎక్కిన సమయం ఉన్నాయి. వీటిలో నలభై ఒక్క రోజులు ఆ పిల్ల రాలేదని తమ రికార్డు చెప్పుచున్నది. వచ్చింది, అయ్యా. నేనే తీసుకొచ్చాను. తరగతిలో కూర్చుందో లేదో లెక్చరర్లను అడగండి. టిక్కెట్ల అచ్చు తొందరగా వెలిసిపోవును గనుక వెంటనే చూడవలెను. చేపల వాసనకు మన్నించవలెను.

8. హేమశ్రీ నాకు చుట్టం కాదు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను. ఎందుకు మానేశావని కాలేజీలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి, బహుశా మళ్లీ వెళ్లేవాణ్ణి. ఆ బాధ ఇంకా పోలేదు.

కావున ఆ నలభై ఒక్క రోజులూ హాజరుగా పరిగణించవలెను. బస్సుల్లో వచ్చే పిల్లల కోసం యంత్రాన్ని 9.30 దాకా తెరిచి ఉంచవలెను. ఇక మీదట ఎవరి పేరైనా తీసే ముందు, ఎందుకు రాలేదని ఒక్కసారి అడిగించవలెను. ఈ అర్జీని మా డిపోకు పంపినా నాకు అభ్యంతరం లేదు. మెమో ఇస్తే తీసుకుంటాను.

ఇవన్నీ చిత్తగించి, ఆ పిల్లను పిలిపించవలెను.

తమ విధేయుడు, బస్సు ఆపినవాడు,
దేవకుమార్

జత: సున్నా టిక్కెట్లు, అరవై మూడు.

తా.క.: ఈ ఉదయం గంగాలమ్మ టిక్కెట్లు నా చేతిలో పెట్టి, గంపలు రోడ్డు మీదే ఉంచి, బస్సెక్కలేదు. "నాను ఆటోల వత్తాను. మీరు ఎల్లిపోండి బాబూ" అంది. బస్సు సరిగ్గా 7.40కి కదిలింది. తగరపువలసలో ఆ హోటల్ ముందు ఆపించి, ఎక్కమ్మా అని కేకేశాను. హేమశ్రీ టోకెన్ల పుస్తకం పట్టుకొని గుమ్మం దాకా వచ్చింది. "ఎక్కి ఏటి సేత్తానన్నా? నా పేరు తీసేసినారు కదా" అంది. తమ గేటు ముందుకు 8.58కే చేరాం. రేపు మళ్లీ అక్కడ ఆపుతాను. ఆ పిల్లకు చెప్పడానికి తమ మాట ఒకటి కావాలి. ఒక్క నిమిషం కంటే ఆపలేనండీ.