తల ఊపింది బండే

రూతూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ప్రార్థన అయ్యాక కారు తీసుకుని నస్పూర్ నుంచి కరీంనగర్ వెళ్లాను. గేరు మార్చినప్పుడల్లా ఇంజిన్ ఊగి బండి కుదుపుతుంది కదా, ఆ ఇంజిన్‌ను పట్టి ఉంచే టార్క్ బ్రేస్ వేయిద్దామని.

మెకానిక్ ఖలీల్ భాయ్ రెండు రకాలు చూపించాడు. "గట్టిది వేస్తే జర్క్ మొత్తం బంద్ అయితది, కాని సీట్లు వణుకుతయ్. రబ్బరుది వేస్తే వణుకు రాదు, జర్క్ జర ఉంటది. పక్కన ఎవరన్న కూసుంటరా సార్?" అని అడిగాడు.

ఎవరూ కూర్చోరని చెప్పాను.

"మరి గట్టిదే తీస్కోండ్రి" అన్నాడు.

ఈ స్పోర్ట్స్ కారు కొనేముందు ఇద్దరం నడిపి చూసిన రోజు గుర్తొచ్చింది. "కొందామా?" అని అడిగి రెండో గేరు వేశాను. నీ తల ఊగింది. ఒప్పుకున్నావనుకుని అక్కడే బయానా ఇచ్చేశాను. "నేనెక్కడ ఊపిన? నీ బండి ఊపింది" అని ఇంటికొచ్చాక మొత్తుకున్నావు. ఆ తర్వాత చర్చిలో కనబడిన వాళ్లందరికీ అదే చెప్పేదానివి.

"రబ్బరుదే వెయ్యి భాయ్. జర ఊగాలె" అన్నాను. అతను నావైపు ఓసారి చూసి, పానా అందుకున్నాడు.

తిరిగి వస్తుంటే రోడ్డు ఖాళీగా ఉంది. "ఇంకా ఈ బండి ఉంచుకుందామా?" అని పైకే అడిగి గేరు మార్చాను. చిన్న కుదుపు వచ్చింది.

ఊగింది నా తల ఒక్కటే.