ముందుగది ఖాళీ చేయబడును

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఫోన్ చేస్తే "నోటిమాట రికార్డు కాదక్కా, కాగితం మీద పెట్టు" అంటావు. బస్సు డిపోలో ముప్ఫై మూడేళ్లు స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యావు గాని, నీ బుద్ధి ఇంకా డ్యూటీలోనే ఉంది. సరే, కాగితం మీదే పెడుతున్నా, చదువుకో.

వచ్చే నెల ఒకటో తారీఖుకి మా ముందుగది ఖాళీ కావాలి. మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తారు. వాళ్ల పసిపిల్లలకి ఒక గది కట్టండయ్యా అంటే ఫ్యాక్టరీవాళ్లు "స్థలం లేదు" అంటారు, షెడ్డు మీద షెడ్డు లేపుతూనే. మా పక్కింటి అమ్మాయి రెండేళ్ల కూతుర్ని ఇంట్లో పెట్టి తాళం వేసి పనికి పోతోంది. ఆ పిల్ల కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతుంది. నేనూ చెయ్యి ఊపి, బడికి పోయి, పిల్లల హక్కుల పాఠం చెప్పి వస్తున్నాను. సిగ్గేసింది. మా ముందుగదిలోనే శిశు కేంద్రం పెడదామని అందరికీ మాటిచ్చేశాను. ఒకటో తారీఖు పొద్దున పదకొండింటికి తనిఖీ అధికారిణి వస్తుంది. గది ఖాళీగా ఉంటే అనుమతి. లేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఏడాదంటే ఆ పిల్లకి సగం వయసు.

ఆ గదిలో ఏముందో నీకు తెలుసు. నీకూ నాకూ తెలియనిది ఒక్కటే, నేల. చూసి తొమ్మిదేళ్లయింది. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్న బోర్డు కనబడితే చాలు, మీ బావ ఒళ్లు మరిచిపోతారు. నాలుగు ఫ్యాన్లున్నాయి, ఒక్కటీ తిరగదు. మూడు ఇస్త్రీపెట్టెలున్నాయి, ఒక్కటీ కాగదు. పారేద్దామంటే "ఎప్పుడైనా పనికొస్తుంది" అంటారు. ఆ "ఎప్పుడైనా" అన్నది ఏ వారమో చెప్పమంటే చెప్పరు. కొనేది మగవాళ్లు, దుమ్ము దులిపేది ఆడవాళ్లు. దీనికి కుటుంబం అని పేరు.

పార్సిల్ వ్యానులో మొదటి విడత పంపుతున్నా. ఎవరికిస్తావో, ఎక్కడ పారేస్తావో నీ ఇష్టం. నా కంట పడకూడదు.

ఇట్లు,
నేల చూడాలని ఆశపడుతున్న
అక్క

తా.క. మీ బావ వ్యాను వెనక వీధి చివరిదాకా పరిగెత్తారు. ఆయన దేని కోసమైనా పరిగెత్తడం మా పెళ్లయ్యాక ఇదే మొదలు.


గౌరవనీయురాలైన అక్కకు,

తమ్ముడు నమస్కరించి తెలియజేయునది. సామాను ముట్టింది. ఫ్యాన్లు నాలుగు, ఇస్త్రీపెట్టెలు మూడు, మిక్సీ ఒకటి, రేడియో ఒకటి. సరిచూడబడినవి.

స్టోరు పద్ధతి నీకు తెలియంది కాదు. పాతది చేతిలో పెడితే పనిచేసేది చేతిలో పెట్టాలి. డ్రైవరు అరిగిన బ్రేకు తెస్తే మంచి బ్రేకు ఇచ్చి పంపుతాం. ఊరికే వదిలించుకుందామని స్టోరుకి సామాను తెచ్చినవాడు ముప్ఫై మూడేళ్లలో ఒక్కడు లేడు. ఆ ప్రకారం తొమ్మిది వస్తువులూ బాగుచేయబడి, అదే వ్యానులో వెనక్కి పంపబడినవి. నా మూలంగా ఒక్క బస్సు ఆగలేదు. సొంత అక్క ఇల్లు ఆగనిస్తానా?

ముట్టినట్టు సంతకం చేసి పంపగలవు.

ఇట్లు,
విధేయుడు, తమ్ముడు

తా.క. (నీ మరదలు రాస్తోంది) వదినగారూ, రెండో ఫ్యాను కాయిలు కొత్తగా చుట్టినది. కొత్త కోడలి లెక్క. రెండు రోజులు అణకువగా తిరుగుతుంది, ఆ తర్వాత ఎవరి మాటా వినదు.


ఒరే తమ్ముడూ,

దీవెనలు తర్వాత. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. ఇక్కడ వేసిన గొంగళి వెనక్కి రావడమే కాదు, తిరుగుతోంది, కాగుతోంది, పాటలు కూడా పాడుతోంది! రేడియో మోగగానే మీ బావ కళ్లు తుడుచుకున్నారు!

నేను రాసిందేమిటి, నువ్వు చేసిందేమిటి? వస్తువులే వద్దని నేను అనలేదు. సన్యాసం కూడా ఉన్నవాళ్లకే కుదిరే విలాసం. లేనివాడు దేన్ని వదులుకుంటాడు, గోళ్లనా? నా గొడవ వేరే. పదకొండు మంది పిల్లలకి చోటు లేని వీధిలో, పనిచేయని నాలుగు ఫ్యాన్లకి సొంతంగా ఒక గది ఉంది! ఇది అన్యాయమన్నాను! నీ పుణ్యమా అని ఇప్పుడు పనిచేసే నాలుగు ఫ్యాన్లకి గది ఉంది! దీన్ని అభివృద్ధి అంటారా?

ఆ తొమ్మిదీ తిప్పి పంపుతున్నా. వాటితోపాటు కుట్టుమిషను, నీళ్ల మోటారు, కుక్కర్లు రెండు, కాళ్లు విరిగిన మడత కుర్చీలు ఆరు, గోడ గడియారాలు ఐదు. ఐదూ ఐదు టైములు చూపిస్తాయి. పారెయ్! అమ్ముకో! నదిలో కలుపు! ఇంకా పన్నెండు రోజులే ఉంది!

ఇట్లు,
అక్క

తా.క. సంతకం చేయను. అది నా నిరసన. ఇంతకుముందు ఒక మంత్రిగారి ముందు కూడా ఇలాగే చేయలేదు. ఆయన కూడా నీలాగే పట్టించుకోలేదు.


గౌరవనీయురాలైన అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నీ కాగితం అత్యవసరంగా భావించబడింది.

మా డిపోలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. కాగితం మర్యాదగా ఉంటే సామాను నిదానంగా పంపొచ్చు. కాగితంలో తిట్లున్నాయంటే బస్సు నడిరోడ్డు మీద ఆగిందని అర్థం, పరిగెత్తి పంపాలి. నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. ఇంత అవసరం పెట్టుకుని మొదటి ఉత్తరం అంత నెమ్మదిగా ఎందుకు రాశావక్కా?

పైగా సంతకం చేయనన్నావు. సంతకం చేయలేదంటే సామాను నచ్చలేదన్నమాట. అందుకని పాత తొమ్మిదీ మళ్లీ విప్పి, బిగించి, ఈసారి రంగు కూడా వేయబడింది. కొత్తవి పదిహేనూ బాగుచేయబడినవి. మొత్తం ఇరవై నాలుగు. మూడే రోజుల్లో!

ఇట్లు,
విధేయుడు, తమ్ముడు

తా.క. (నీ మరదలు) వదినగారూ, గడియారాలు ఐదూ ఇప్పుడు ఒకటే టైము చూపిస్తాయి. మీ తమ్ముణ్ని కూడా అలాగే సరిచేద్దామని చూశాను. వెనక మూత ఎక్కడుందో దొరకలేదు.


తమ్ముడూ,

ఇక అరవను. అరిస్తే లారీ పంపేలా ఉన్నావు.

ఐదు రోజులే ఉంది. నిన్న పక్కింటి అమ్మాయి కూతురికి జ్వరం. ఆ అమ్మాయి మందు తాగించి పనికి వెళ్లేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పాడట. సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "ఒకటో తారీఖు నుంచి మీ గదిలోనేగా అక్కా?" అంది. అవునన్నాను. అంటూ గది వైపు చూడలేదు.

ఇదిగో, గదిలో ఉన్నదంతా పంపేస్తున్నాను. నువ్వు రంగు వేసినవి, వేయనివి, బీరువా, అద్దం, టీవీలు రెండు, అన్నీ. ఒక్క మేకు వెనక్కి వచ్చినా నీకూ నాకూ మాటల్లేవు.

ఇట్లు,
నీ అక్క

తా.క. మీ బావ ఒక బల్లని మంచం కింద దాచారు. బల్ల మంచం కంటే పెద్దది. ఇప్పుడు మంచం గాల్లో ఉంది.


అక్కకు,

తమ్ముడు హడావిడిగా రాయునది. ఈసారి పార్సిల్ వ్యానుని నమ్మలేదు. లారీ మాట్లాడాను. ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదింటికి నీ గుమ్మంలో ఉంటుంది. మాటల్లేవన్నావు. పోనీలే, మాటలు లేకపోయినా ఫరవాలేదు, నీ పని ఆగకూడదు. పిల్లలొచ్చే గది బోసిగా ఉంటే ఏం బాగుంటుందని మా ఇంట్లోవి మరో పద్నాలుగు అదనంగా ఎక్కించబడినవి.

ఇట్లు,
తమ్ముడు

తా.క. (మరదలు) వదినగారూ, మీ ఉత్తరాలు నేనూ చదివాను. మీరు ఏం చెబుతున్నారో నాకు అర్థమైంది. మూడుసార్లు ఈయనకి చెప్పాను. నాది నోటిమాట, రికార్డు కాదట. లారీని ఆపలేకపోయాను. కానీ అందులో ఎక్కిన ప్రతిదీ పనిచేస్తుంది. లోపలికి మోయించకండి. వీధిలోనే దింపించి, స్విచ్ వేసి నలుగురికీ చూపించండి.


తమ్ముడూ,

మాటల్లేవన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఒకటో తారీఖు ఎనిమిదింటికి లారీ వచ్చింది. నీ మరదలు... కాదు, నా మరదలు చెప్పినట్టు వీధిలోనే దింపించాను. నిజానికి లోపలికి మోయించే ఓపిక కూడా లేదు. వీధికి రెండు పక్కలా మా సంసారం పరిచి ఉంది. నేను మెట్టు మీద కూలబడ్డాను. ముప్ఫై ఏళ్లుగా వేదికలెక్కి వాదించిన దాన్ని, కూర్చుని కుక్కర్లు లెక్కపెట్టాను.

పక్కింటి అమ్మాయి చంకలో పిల్లతో వచ్చి ఆగింది. "అక్కా, ఈ ఇస్త్రీపెట్టె కాగుతుందా?" అంది.

"ఏమోనమ్మా. చూడు."

మా గుమ్మంలో ప్లగ్గు పెట్టి, రెండు నిమిషాలాగి, వేలు తడిచేసి తాకింది. చుర్రుమంది. "మాది కాలిపోయి ఏడు నెలలైందక్కా. నలిగిన బట్టలతో వెళితే సూపర్‌వైజరు దానికీ ఒక మాటంటాడు."

"తీసుకుపో. నీదే," అన్నాను.

అంతే. పది నిమిషాల్లో వీధి వీధంతా అక్కడుంది. టీ కొట్టాయన కుర్చీలు ఆరూ పట్టుకుపోయాడు. మంగలి షాపతను అద్దం ముందు ఒకసారి నిలబడి, తల దువ్వుకుని, దాన్ని ఎత్తుకెళ్లాడు. గడియారాలు ఐదిళ్లకి పోయాయి, మా వీధి మొత్తం మొదటిసారి ఒకే టైములో నడుస్తోంది. తొమ్మిదేళ్లుగా పాత సామాన్లవాడు కూడా కాలితో తన్ని పోయిన వస్తువులివి! మీ బావ మొదట గోడవైపు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి ఎవరో ఫ్యాను ఎలా వెయ్యాలని అడిగారు. ఇక చూడాలి, ఒక్కొక్కటి ఆడించి చూపిస్తూ, "రండి రండి, ఒకటి తీసుకుంటే ఒకటి ఉచితం!" అని అరిచారు. ఇన్నేళ్ల సంసారంలో ఆ మాట ఆయన నోట వినసొంపుగా ఉండటం అప్పుడే.

పదిన్నరకి వీధి ఖాళీ. పదకొండింటికి అధికారిణి వచ్చి, గదంతా చూసి, "ఏమీ లేదేమండీ?" అంది. "లేదండీ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! అనుమతి ఇచ్చింది. పక్కింటి పిల్లని నేల మీద దింపితే ఈ గోడ నుంచి ఆ గోడదాకా దొర్లింది.

ఓడిపోయానని అనుకోకు. వస్తువులు ఎక్కువైపోయాయన్న మాట మీదే ఉన్నాను. కాకపోతే దాని పక్కన ఇంకో మాట చేర్చాలి. కొత్తది అంటగట్టడానికి పాతదాన్ని తొందరగా చెడిపోయేలా తయారుచేసే రోజులివి. ఇలాంటి రోజుల్లో కూర్చుని బాగుచేసేవాడు నా దృష్టిలో తిరుగుబాటుదారుడు. ఎవరా కార్మిక సోదరుడు? మీ డిపో మెకానిక్కా? ఆయన్ని పంపు. మా మహిళా సంఘం తరఫున సభ పెడతాం. ఉపన్యాసం నేనే ఇస్తాను, గంటన్నరకి తగ్గదు.

పిల్లల్ని చూసుకునే మనిషి మాత్రం ఇంకా దొరకలేదు. ఈ వారం సెలవు పెట్టి నేనే చూస్తున్నాను. వాళ్లు నా ఉపన్యాసాలు వినరు.

ఇట్లు,
నేల చూసిన అక్క

తా.క. నిన్నటి నుంచి వీధిలోవాళ్లు చెడిపోయిన సామాన్లు మా వరండాలో పెట్టిపోతున్నారు. ఇవాళ్టికి ఇరవై ఆరు. ఆ సోదరుణ్ని వెంటనే పంపకపోతే మీ బావకి పాత జబ్బు తిరగబెట్టేలా ఉంది.


వదినగారికి,

మరదలు రాస్తున్నది. ఇన్నాళ్లూ కాగితం అడుగున ఇరుక్కుని రాశాను. ఈసారి కాగితమంతా నాదే.

ఆ కార్మిక సోదరుడు నేనే.

మీ తమ్ముడికి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదు. స్టోరులో ఆయన సామాను ఇచ్చేవారు, పుచ్చుకునేవారు, రాసుకునేవారు. మా నాన్నది మోటార్లు చుట్టే కొట్టు. పదేళ్లప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని నేనూ చుట్టాను, టంకం పెట్టాను. పెళ్లయ్యాక స్క్రూడ్రైవరు పప్పు డబ్బాలో పెట్టుకున్నాను, ఆ డబ్బా ఇంట్లో ఇంకెవరూ తెరవరు కాబట్టి. మా వీధిలో మిక్సీలన్నీ నేను బాగుచేసినవే. "డిపో ఆయన ఇంట్లో ఇస్తే బాగవుతాయి" అంటారు జనం.

మీ తమ్ముడు అబద్ధం రాయలేదు. "బాగుచేయబడినవి" అని రాశారు. మా ఇంట్లో అన్నీ అలాగే జరుగుతాయి. వంట చేయబడుతుంది. బట్టలు ఉతకబడతాయి. పిల్లలిద్దరూ పెంచబడ్డారు. ఎవరు చేశారని ఇరవై ఆరేళ్లలో ఎవరూ అడగలేదు.

మీరు నాలుగు ఉత్తరాలు రాశారు. ఆడవాళ్ల చాకిరీ గురించి ఎంత బాగా రాశారో! చదివి నాకు ఒళ్లు మండింది. నాలుగింట్లో ఒక్కదానిలోనూ "మరదలా, నువ్వేం చేస్తున్నావే?" అని లేదు. దెప్పడం లేదు వదినగారూ. ఎక్కడ తీగ తెగిందో చూపించకపోతే బాగుచేయడం కుదరదు కదా, అందుకని చెబుతున్నాను.

రేపటి బస్సుకి వస్తున్నాను. మీ వరండా నాకు కావాలి, ఉదయం వెలుతురొచ్చే వైపు. ఊరికే చేయను, బాగుచేసినదానికి కూలి తీసుకుంటాను. కుట్టుపని అమ్మాయిల్లో ఇష్టమున్నవాళ్లకి ఆదివారాలు పని నేర్పుతాను. సభ పెట్టండి, వద్దనను. గంటన్నరలో పావుగంట మీరు మాట్లాడండి, మిగతాది నేను మాట్లాడతాను.

మీ తమ్ముడు కూడా వస్తానన్నారు. "మీరొచ్చి ఏం చేస్తారు?" అన్నాను. పిల్లల్ని చూసుకుంటానన్నారు. నవ్వబోయి ఆగాను. పొద్దున పదకొండు మందిని అప్పజెబితే సాయంత్రానికి పదకొండు మందినీ వాళ్ల వాళ్ల తల్లులకి, వాళ్ల వాళ్ల చెప్పులతో సహా, తప్పకుండా అప్పజెప్పే మనిషి మీకు ఇంకెక్కడ దొరుకుతాడు? ముప్ఫై మూడేళ్లలో ఒక్క నట్టు పోగొట్టలేదు. పెట్టుకోండి.

ఇట్లు,
మీ మరదలు,
మోటార్లు చుట్టును, మిక్సీలు బాగుచేయును

తా.క. (తమ్ముడు రాస్తున్నాడు, ఇంతే చోటిచ్చింది) అక్కా, పిల్లలు ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలుసనే అనుకున్నాను, ఇద్దర్ని కన్నవాణ్ని కదా. తెలియదని ఇవాళే తెలిసింది. పొద్దుట్నుంచి ఈవిడ చెబుతుంటే వింటున్నాను. నోటిమాటే, అయినా బాగానే అర్థమవుతోంది.