కొంగు ముడి

మంగళవారం రాత్రి

నా బిడ్డ మల్లిక గొంతుకు పెట్టిన ఊపిరి గొట్టంలో కఫం నేను మిషన్‌తో తీస్తుంటే ఇవాళ వనపర్తి దవాఖానలో నర్సు చూసింది. "నీ చెయ్యి మంచిగ తిరిగిందక్కా. ఈడ ఒకలింట్ల గిట్లాంటి బాబే ఉన్నడు, పగటిపూట చూసుకుంటవా? జీతమిస్తరు" అంది.

"మరి నా బిడ్డకు చేస్తున్న గద, దానికి?"

"కన్నబిడ్డకు చేస్తే ఎవలిస్తరక్కా?" అని నవ్వింది.

పత్తి ఏరడానికి పోక ఎన్నాళ్లయిందో. ఆశపడి తలూపాను. బస్సెక్కాక గుర్తొచ్చింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. గొట్టం వల్ల మల్లిక ఏడ్చినా వినపడదు. అందుకే నా కొంగు దాని చేతికి కట్టుకుని పడుకుంటాను, గుంజితే లేస్తాను. నేను పనికి పోతే ఎవరిని గుంజుతుంది?

ఇంటికొచ్చి దాని పక్కన ఒరిగాక, ఒక్క రాత్రి ఈ ముడి విప్పి పడుకుంటే ఏమవుతుంది అనిపించింది. ముడి మీద చెయ్యి వేశాను. కొంగు కదిలితే పిలిచాననుకుందేమో, మల్లిక కళ్లు తెరిచి నవ్వింది.