ధ్రువం మీది మంచు, నా కుడిచెయ్యి

అక్కా,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వుకోకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. మెట్ల మీంచి జారి చెయ్యి విరిగిందని నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం.

నా పని నీకు తెలుసుగా, అంగారకుడి దక్షిణ ధ్రువం ఫోటోల్లో మంచు అంచు కొలవడం. చలికాలమంతా పేరుకున్న మంచు వసంతం రాగానే వెనక్కి తగ్గుతుంది. మా పెద్దసారు ఇరవై ఏళ్ల కిందట కట్టిన లెక్క కంటే ముందే తగ్గిపోతోందని నాకు తేలింది. సోమవారం ఆయన గదికెళ్లి చూపించాను. "నా కింద పనిచేస్తూ నా లెక్కే దిద్దుతావా?" అన్నాడు. ఇనుప బీరువాలోంచి నేను పాత ఫోటోల కట్ట తియ్యబోతుంటే, తలుపు నా చేతి మీద వేసి భుజంతో నెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అక్కడే టైపు చేస్తున్న ఆయన సెక్రటరీ తలెత్తలేదు.

ఆయనతో నేనెక్కడ గెలుస్తాను? నోరు మూసుకుని రాజీనామా చేసి నీ దగ్గరికొచ్చేస్తాను.

నీ మొండిఘటం

---

అక్కా,

రావట్లేదు. సామాను తెచ్చుకుందామని ఆఫీసుకి వెళ్తే, పెద్దసారు అందరి ముందూ నా కట్టు మీద చెయ్యేసి, "మెట్లు చూసుకుని దిగాలమ్మా" అంటూ గట్టిగా నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మాయి. చేతికందిన ఇనుప స్టేప్లరుతో మూతి మీద కొట్టాను. రెండు పళ్లు రాలాయి. కుర్చీతో సహా పడ్డాడు. అయినా మళ్లీ ఎత్తాను. సెక్రటరీ నా మణికట్టు పట్టుకుని, "చాలమ్మా. ఆ రోజు నేను చూశాను. వచ్చి చెప్తాను" అంది. ఇద్దరం పోలీస్ స్టేషన్‌కెళ్లాం. ఆయన చేసిందీ, నేను చేసిందీ రెండూ రాసిచ్చాను. రెండు కేసులూ నడుస్తాయట.

తర్వాత సంగతి రాయడానికే రెండు రోజులు పట్టింది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ మళ్లీ కొలిచాను. వసంతంలో ఎండ మంచులోంచి దిగి అడుగు నేలని వేడి చేస్తే, అక్కడి మంచు ఆవిరై పుట్టిన గాలి పైమంచుని చీల్చుకుని నల్లటి దుమ్ము చిమ్ముతుంది. ఆ దుమ్ము కప్పిన మంచుని నేను ఒట్టి నేల అనుకున్నాను. దుమ్ము కింద మంచు అలాగే ఉంది. ఆయన లెక్కే నిజం.

ఆ మాట కాగితం మీద పెట్టి ఆఫీసులో ఇచ్చాను. అది చదివి గుమస్తా, "అయితే కేసు వెనక్కి తీసుకుంటావా?" అన్నాడు.

"లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ రాయమనాలి. చెయ్యి విరగ్గొట్టమని ఎక్కడుంది?" అన్నాను.

నీ చెల్లెలు